సభలో మాట, బడిలో ముద్ద



ఏ అయ్యవారి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటు చేశారో, నా చేత మొదట పలక పట్టించింది ఆయనే. బతికున్నన్నాళ్లూ తన పేరు ఎక్కడా రాయనిచ్చేవారు కాదు. ఆ మాట మీద గౌరవంతో ఈ సాయంత్రం నేనూ ఆయన పేరెత్తను, అయ్యవారు అనే అంటాను. విషయం మీ ఇష్టం అన్నారు ఆయన పిల్లలు. నాకు ఎనభై ఏళ్లు. చెప్పదగినవి చాలా ఉన్నా, చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టనిది ఒక్కటే ఉంది: శాసనసభలో ఒకాయన తీసుకున్న నిర్ణయం గుడియాత్తం పక్కన ఒక పల్లెలో ఎనిమిదేళ్ల పిల్లవాడి దగ్గరికి ఎలా వచ్చిందన్నది. ఆ పిల్లవాణ్ణి నేనే.

ఈ హాలు దాటి కాస్త నడిస్తే వేలూరు సెంట్రల్ జైలు గోడ వస్తుంది. మన తొరపాడి అంటే బయటి ఊళ్లవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ జైలే. ఇందాక నేనన్న ఆ ఒకాయనను, కాంగ్రెస్ నాయకుడు కామరాజ్‌ను, 1940లో భారత రక్షణ నిబంధనల కింద పట్టుకొచ్చి ఆ గోడ లోపలే పెట్టారు. ఆయన లోపల ఉండగానే సొంతూరు విరుదునగర్‌లో మునిసిపల్ చైర్మన్‌గా ఎన్నుకున్నారు. 1941 నవంబరులో విడుదలయ్యారు. ఊరికి వెళ్లి ఆ పదవికి రాజీనామా ఇచ్చి వచ్చేశారు. పూర్తిగా న్యాయం చేయలేని పదవి తనకొద్దని ఆయన ఉద్దేశం. ఈ సంగతి మాకు అయ్యవారు చెప్పారు. చెప్పేటప్పుడు జైలు ఉన్న దిక్కుకు చెయ్యి చూపించేవారు. మా బడి నుంచి తొరపాడి చాలా దూరం, అయినా సరిగ్గా ఆ దిక్కుకే చూపించేవారు.

1953 జూన్‌లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ ప్రభుత్వం పల్లెబడుల్లో కొత్త పద్ధతి పెట్టింది. పిల్లలకు బడి రోజుకు మూడు గంటలే. ఒక జట్టు పొద్దున వస్తే మరో జట్టు మధ్యాహ్నం వస్తుంది. మిగతా పూట ఇంట్లో తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి. డబ్బు లేదు, అయ్యవార్లు చాలరు, ఉన్నవాళ్లతోనే రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చు అని రాజాజీ లెక్క వేశారు. ఆయన దురుద్దేశంతో చేశారని నేను అనను. కానీ ఆ లెక్క మా ఇంట్లో ఎలా దిగిందో చెబుతాను.

మాది చేనేత ఇల్లు, గుంటమగ్గం. నాన్న గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. అమ్మ పక్కన రాట్నం. బడి లేని పూట నేను కండెలు చుట్టాలి. నూలు తెగితే ముడి వేయాలి, ఆ ముడి ఎంత సన్నగా పడాలంటే గుడ్డ మీద వేలు రాస్తే తగలకూడదు. చూపుడు వేలి చివర నూలు కోసుకుని కోసుకుని గీత పడింది. ఇదిగో, ఈ వేలికి ఆ గీత ఇప్పటికీ ఉంది. పని నేర్చుకోవడం తప్పని నేను అనడం లేదు, ఆ ముడి ఇప్పటికీ వేయగలను, అది నాకు గర్వమే. అయితే మా నాన్న దగ్గర పని ఒక్కటే లేదు, నూలు ఇచ్చిన షావుకారు దగ్గర అప్పు కూడా ఉంది. కొడుకు తండ్రి పని నేర్చుకుంటే తండ్రి అప్పు కూడా వాడి నెత్తికే వస్తుందన్న సంగతి ఆ పథకం రాసిన కాగితంలో ఎక్కడా లేదు. మద్రాసు రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. దీన్ని కులవిద్య పథకమన్నారు. ద్రవిడ ఉద్యమ నాయకుడు పెరియార్ పోరాటం చేశారు, కాంగ్రెస్‌లోనే కొందరు ఎదురుతిరిగారు. రాజాజీ దిగిపోయారు.

1954 ఏప్రిల్ 13న కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. మరుసటి నెలలోనే ఆ పథకాన్ని ఎత్తేశారు. మాకు రెండు పూటలా బడి తిరిగి వచ్చింది.

అప్పటికి ఆయన శాసనసభ్యుడు కూడా కాదు, శ్రీవిల్లిపుత్తూరు నుంచి పార్లమెంటు సభ్యుడు. రాజ్యాంగం ప్రకారం ఆరు నెలల్లోగా రాష్ట్రంలో ఏదో ఒక సభకు రావాలి. అంతకు ముందు రాజాజీ జనాన్ని ఓటు అడగకుండా, నామినేషన్ మీద శాసనమండలికి వచ్చి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ దారి కామరాజ్‌కూ ఉంది. ఆయన ఆ దారిన పోలేదు. గుడియాత్తం ఉపఎన్నికలో నిలబడ్డారు. ఆయన ఊరు ఎక్కడో దక్షిణాన, మా ఊరు ఆంధ్ర సరిహద్దున. ఆయన కులంవాళ్ల బలం ఇక్కడ లేదు, చుట్టాలు లేరు. తెలుగు, తమిళం, ఉర్దూ మూడూ ఒకే సంతలో వినబడే తాలూకా ఇది. కమ్యూనిస్టుల తరఫున వి.కె. కోదండరామన్ పోటీ చేశారు. ద్రవిడ ఉద్యమం వాళ్లు, పెరియార్, అన్నాదురై ఇద్దరూ, కాంగ్రెస్ ముఖ్యమంత్రిని బలపరిచారు. అది ఆనాడు అందరికీ వింతే. నాకు మాత్రం అందులో వింత కనబడదు. మూడు గంటల బడిని తీసేసిన మనిషికి ఓటెయ్యమని అడగడానికి ఎవరికైనా నోరు వస్తుంది.

ఆయన గెలిచారు. అలా మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి మా గుడియాత్తం ఎమ్మెల్యే అయ్యారు. మా అమ్మకు మద్రాసు ఏ దిక్కున ఉందో తెలియదు. ఓటు మాత్రం వేసి వచ్చింది.

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఎవరు ఏ కోరికతో వచ్చినా ఒకే మాట, ‘పార్కలాం’. చూద్దాం అని. మాట ఇవ్వకపోవడం ఆయన అలవాటు, కానీ చూడటం మాత్రం నిజంగా చూసేవారు. ఊళ్లు తిరిగారు. బడికి రాని పిల్లలు ఎందుకు రావడం లేదన్నది ఆయనకు ఆ తిరుగుడులోనే తెలిసింది: ఆకలి. 1956లో పల్లెబడుల్లో మధ్యాహ్న భోజనం మొదలయింది. తర్వాత ఒక లెక్క కుదిరింది. భోజనానికి పది పైసలు, అందులో ఆరు ప్రభుత్వం ఇస్తే నాలుగు ఊరు పెట్టుకోవాలి. ఏడాదికి రెండు వందల రోజులు. విద్యాశాఖ డైరెక్టర్ నె.దు. సుందరవడివేలు ఊరూరా సభలు పెట్టించి పలకలు, బల్లలు, బట్టలు జనం చేతనే ఇప్పించారు.

ఊరు పెట్టాల్సిన ఆ నాలుగు పైసలు మా ఊళ్లో ఎక్కడివి? అయ్యవారు ఇంటింటికీ ఒక ముంత ఇచ్చారు. పొద్దున బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు అందులో వేయాలి. శనివారం సాయంత్రం మేం పిల్లలం గోనెసంచి పట్టుకుని తిరిగేవాళ్లం. కొన్ని ఇళ్లలో ముంత ఖాళీగా ఉండేది. అయ్యవారు అప్పుడేం చేసేవారో ఇన్నేళ్ల తర్వాత చెప్పవచ్చు. ఖాళీ ముంతను అందరి ముందూ వంచనిచ్చేవారు కాదు. లోపలికి వెళ్లి తానే తెచ్చి, సంచిలో వంచినట్టు చేసి, పదండి అనేవారు. ఆ ముంతల్లో ఒకటి మా ఇంటిది.

ఆ అన్నం ముద్దగా ఉండేది, సాంబారు పల్చన. నేను ఆకులో మెతుకు మిగల్చకుండా తినేవాణ్ణి.

ఇక్కడ తెలుగువాళ్లుగా మనం ఒకటి గుర్తు పెట్టుకోవాలి. బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచనను మద్రాసులో 1920లోనే పనిలోకి దింపింది పిట్టి త్యాగరాయశెట్టిగారు. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు ఫలహారం పెట్టించారు. ఆయన చట్టసభల మనిషి, జస్టిస్ పార్టీ నాయకుడు. టి.నగర్ అంటే త్యాగరాయనగరు అని తెలియని తెలుగు పిల్లలు ఇవాళ ఆ వీధుల్లోనే బట్టలు కొనుక్కుంటున్నారు.

1957లో కామరాజ్ సాత్తూరుకు వెళ్లిపోయారు. మా నియోజకవర్గాన్ని వదిలేశారని కొందరు నొచ్చుకున్నారు. అయ్యవారు నొచ్చుకోలేదు. ముంతలు ఆగాయా అని అడిగారు.

ఇప్పటిదాకా కడుపు సంగతి చెప్పాను. భాష సంగతి మిగిలింది. అందుకు కొంచెం దూరం, కెనడా ఉత్తరపు కొసకు తీసుకెళతాను. మా మనవడు అక్కడ పనిచేస్తున్నందువల్ల ఆ దేశం సంగతులు చదవడం నాకు అలవాటయింది.

అక్కడ నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అని ఒక ప్రాంతం ఉంది. పదమూడు లక్షల చదరపు కిలోమీటర్ల నేల, జనం నలభై వేల పైచిలుకు. మన వేలూరులో రెండు మూడు పేటల జనం అంతే. శాసనసభలో పంతొమ్మిది మంది. పార్టీలు లేవు. గెలిచినవాళ్లంతా కూర్చుని తమలో ఒకరిని రహస్య ఓటుతో ముఖ్యమంత్రిగా ఎన్నుకుంటారు. ఆ సభలో నిక్ సిబ్బెస్టన్ అని ఒకాయన ఉండేవారు. 1943లో ఫోర్ట్ సింప్సన్‌లో పుట్టారు. పసితనంలోనే ఇంటి నుంచి తీసుకెళ్లి మిషనరీల హాస్టల్ బడిలో వేశారు. ఆ దేశంలో ఆదివాసీ పిల్లలకు ఆ బడుల్లో తల్లిభాష మాట్లాడితే శిక్షలు పడేవి. ఆయన పెద్దయి న్యాయవాది అయ్యారు, శాసనసభ్యుడయ్యారు, 1985 నుంచి 1987 దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. సభలో లేచి తన స్లేవీ భాషలో మాట్లాడారు. అర్థం కానివాళ్లకు అనువాదకులను పెట్టండి అని పట్టుబట్టారు. ఇవాళ ఆ కొద్ది జనానికి పదకొండు అధికార భాషలు, అందులో తొమ్మిది ఆదివాసులవి.

ఇది చదివిన రాత్రి నేను మన రాజ్యాంగం పుస్తకం తీసి 210వ అధికరణం చూశాను. రాష్ట్ర భాషలోగాని, హిందీలోగాని, ఇంగ్లీషులోగాని సరిగా చెప్పుకోలేని సభ్యుడు తన మాతృభాషలో మాట్లాడేందుకు స్పీకర్ అనుమతి ఇవ్వవచ్చు అని అందులో ఉంది. తలుపు ఉంది. తట్టేవాళ్లు కావాలి.

తట్టినవారు ఒకరున్నారు. హోసూరు నుంచి 2001 మొదలు మూడుసార్లు గెలిచిన కె. గోపీనాథ్. తమిళనాడు శాసనసభలో లేచి తెలుగులో మాట్లాడారు. అడిగింది తెలుగు పిల్లల చదువు గురించే. అప్పటి ముఖ్యమంత్రి జయలలిత తెలుగులోనే జవాబిచ్చారు. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీగా లోక్‌సభలో ప్రమాణం చేసినప్పుడు కూడా తెలుగులోనే చేశారు. టీవీలో ఆ రెండు నిమిషాలు చూస్తూ నేను లేచి నిలబడ్డాను. ఎందుకో నాకే తెలియదు.

ఆయన సభలో అడగాల్సి రావడానికి కారణం మీ అందరికీ తెలిసిందే. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక మెట్టు ఎక్కుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. తమిళం నేర్చుకోవడం మనకు బరువు కాదు. ఈ నేల మీద బతికి తమిళం రాదంటే అది మన తప్పే. నేను తమిళంలోనే అర్జీలు రాస్తాను, తమిళంలోనే పాటలు వింటాను. నా బాధ వేరు. మన బడుల్లో తెలుగు అయ్యవారు రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉండిపోతోంది. పుస్తకాలు వేళకు రావు. నేను చదివిన బడిలో ఇప్పుడు తెలుగు సెక్షనే లేదు. తల్లిదండ్రులూ, ఎందుకులే అని ఊరుకుంటున్నారు. రాజ్యాంగం 350-ఎ అధికరణం చిన్నపిల్లలకు మాతృభాషలో చదువు ఏర్పాటు చేయమంటుంది. అడగనివాడికి అది కాగితంలోనే ఉండిపోతుంది.

అందుకని ఈ స్మారక నిధివాళ్లకు ఒక విన్నపం. మీరు నాకిచ్చిన ఈ శాలువా, పండ్లు చాలు, కవరు వద్దు. ఆ డబ్బుతో వచ్చే ఆదివారం నుంచి ఈ హాల్లోనే పొద్దున పది గంటలకు తెలుగు అక్షరాలు మొదలుపెడదాం. మీ మనవలను, మనవరాళ్లను పంపండి. నాకు ఇంకా కూర్చునే ఓపిక ఉంది. పలకలు నేను తెస్తాను. బియ్యం ముంత కూడా ఒకటి గుమ్మం దగ్గర పెడతాను, పిల్లలు పన్నెండింటికి తిని వెళ్లవచ్చు.