సంతకానికి ముందు పలకరింపు
(నరసరావుపేటలో గిరిజన యువత సమావేశంలో చేసిన ప్రసంగం)

 

తీరిక లేని ఉద్యోగంలో ఉన్నవాడు నాయకుడిగా ఎలా మెలగాలో చెప్పమన్నారు. పెద్ద పెద్ద సూత్రాలు నాకు తెలియవు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మండలాఫీసులో పనిచేసేవాణ్ణి. మిరపకోతల రోజులు. అడవి అంచు తండా నుంచి ఒక ముసలమ్మ మనవరాలి ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చింది. కొంత దూరం ఆటోలో, తర్వాత బస్సులో. మన గోర్‌బోలీలోనే పలకరించింది. పక్కన స్టాఫ్ ఉన్నారని నేను తెలుగులో జవాబిచ్చాను. అదీ ఫోన్ చూసుకుంటూనే, "రేపు రామ్మా" అన్నాను. అలా మూడుసార్లు తిప్పాను. నాలుగోసారి ఆమె రాలేదు. స్కాలర్‌షిప్ గడువు అప్పటికే దాటిపోయింది. మూడు రోజుల కూలీ పోయింది, పిల్లకు ఆ ఏడాది డబ్బూ రాలేదు. ఆ కాగితం మీద నా సంతకానికి పట్టేది అర నిమిషం.

బిజీగా ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ రోజు అంత బిజీగా లేను.

ఆ తర్వాత జేబులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎవరికైనా "రేపు" అంటే వాళ్ల పేరు, తేదీ వాళ్ల ముందే రాస్తాను. పని కాకపోతే నేనే ఫోన్ చేసి రావద్దని చెబుతాను. చాలామందికి కోపం వచ్చేది పని కానందుకు కాదు, ఆ మాట చెప్పేవాడు లేనందుకు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలిచ్చే చోట ఓ గంట నిలబడండి, మీకే తెలుస్తుంది.

రెండో అలవాటు మన తండాదే. తగువు వస్తే నాయక్, కార్భారి కూర్చుని ఇరుపక్షాలూ చెప్పింది విన్నాకే నోరు విప్పుతారు. నేను మీటింగుల్లో మొదట మాట్లాడేవాణ్ణి. అధికారి ముందే తేల్చేశాక కిందివాడు నిజం ఎందుకు చెబుతాడు? ఇప్పుడు అందరికంటే చిన్న ఉద్యోగిని ముందు అడుగుతాను. ఇది ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు, నాలుక దురద పెడుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం భోజనం సంగతి. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ చాపకూడుకు కూర్చోబెట్టాడని పల్నాటి కథ చెబుతుంది. కారంపూడి వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు ఉంది. మనం ఏడాదికోసారి చూసి వస్తాం, ఆఫీసులో మాత్రం తలుపేసుకుని తింటాం. నేను అటెండర్, కంప్యూటర్ ఆపరేటర్‌తో కలిసి తినడం మొదలుపెట్టాక, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఆ ఇరవై నిమిషాల్లోనే తెలిసిపోతోంది. కూర కాస్త ఎక్కువ పెట్టమంటే ఇంట్లో మొదట విసుక్కున్నారనుకోండి.

ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి చదవండి. 1957 బ్యాచ్ ఐ.ఏ.ఎస్. మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమం చూశారు, త్రిపురలో ప్రధాన కార్యదర్శిగా చేశారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. ఆయనకంటే మనకు పని ఎక్కువుందా?

మీలో కొందరు సచివాలయాల్లో ఉన్నారు, కొందరు హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో టీమ్ లీడర్లు. రేపు మీ ముందుకు వచ్చేవాళ్లలో మన భాషలో పలకరించేవాళ్లూ ఉంటారు. ఆ భాషలోనే జవాబివ్వండి, పక్కన ఎవరున్నా సరే.

ఇంకా మాట్లాడమంటున్నారు కానీ, ఈ సోమవారం రాసుకున్న పేర్లలో రెండింటికి టిక్కు పడలేదు. ఒకరు దుర్గి నుంచి రావాలి. సాయంత్రంలోగా ఫోన్ చేస్తానన్నాను. సెలవు.