కొయ్య రాకెట్టు

పద్దులు వ్రాసికొను నాకు టెన్నిసుతో పనియేమని నవ్వుకొందురేమో. మన గ్రంథాలయపు బీరువాపై వంకరపోయి పడియున్న రాకెట్టును పొయ్యిలో పెట్టుదమను మాట విని లేచితిని.

పలుచని యాష్ కొయ్యపట్టీలను జిగురుతో అతికి, వంచి, పశువుల ప్రేగుతంతులు బిగించిన పనిముట్టది. తేమ తగిలిన మెలితిరుగును. కనుకనే మరలుగల చట్రమున బిగించి దాచెడివారు. చట్రము లేక, కొల్లేటి గాలికి దీనికీ గతి పట్టినది.

ఇట్టి కొయ్యతోనే హైదరాబాదు క్రీడాకారుడు సయ్యద్ మహమ్మద్ హాదీ 1924లో ప్యారిస్ ఒలింపిక్సున మన దేశము పక్షమున ఆడెను. రంజీ ట్రోఫీలో తొలి శతకము కొట్టినదియు ఆయనయే! 1987 తరువాత వింబుల్డనులో కొయ్య కనబడలేదు. 2015లో అచట జంటల పోటీ గెలిచిన సానియా మీర్జాది గ్రాఫైటు కాలము.

కార్యదర్శిగారూ, చట్రము నేను చేయించి తెచ్చెదను. ఇక తిన్నబడకపోయినను సరే, దానిని పొయ్యిపాలు చేయకుడు.