నీడ పడితే పాచి ఆగుతుంది

నీటిలో పాచి పెరగడానికి వెలుగు, నత్రజని, భాస్వరం కావాలి. మురుగుతో, ఎరువులతో చెరువులో చేరిన భాస్వరాన్ని వెనక్కి తీయడం కష్టం. ఎండను ఆపడం కొంత తేలిక. రేణిగుంట ఎండల్లో మూత లేని సిమెంటు తొట్టిని చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఎండ తగిలే గోడ పచ్చగా, చెయ్యి పెడితే జారిపోయేలా ఉంటుంది. నీడ గోడకు పాచి అంతగా పట్టదు. మిద్దెమీది ట్యాంకులు నల్లగా ఉండడానికి ఒక కారణం ఇదే.

జలాశయానికి మూత వేయడం అంత సులువు కాదు. లాస్ ఏంజిలిస్ నగరం 2015 నాటికి ఒక జలాశయంపై ఏకంగా 9.6 కోట్ల నల్లటి ప్లాస్టిక్ బంతులు వదిలింది. తెలుగు నేలపై నీళ్లమీద తేలే సౌర ఫలకాలు నీడతోపాటు కరెంటూ ఇస్తున్నాయి: 2021లో విశాఖ దగ్గర సింహాద్రిలో 25 మెగావాట్లు, 2022లో రామగుండంలో 100. నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది.

చేపల చెరువును మాత్రం పూర్తిగా కప్పకూడదు. అక్కడ పగటిపూట ప్రాణవాయువు ఇచ్చేది నీటిలో తేలే సన్నని నాచే. ఒక్కసారిగా వెలుగు ఆగితే అది చచ్చి, కుళ్లి, ఉన్న ప్రాణవాయువును కూడా లాగేస్తుంది. తెల్లవారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. తామరాకులు కమ్మినట్టు అక్కడక్కడా నీడ ఉంటే చాలు.