పాత డెస్క్‌టాప్‌లో ముందు ఏది మార్చాలి?

పాత డెస్క్‌టాప్ నెమ్మదించగానే చాలామంది చూపు ప్రాసెసర్ మీదికే పోతుంది. నిజానికి ముందు మార్చాల్సింది హార్డ్ డిస్క్. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం మీద కావలసిన చోటికి చేరడానికి దానికి 10 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కదిలే భాగమే లేని ఎస్ఎస్‌డీకి అందులో వందో వంతు చాలు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి గనుక, మనల్ని విసిగించే ఆలస్యం ఎక్కువగా అక్కడే పుడుతుంది. డిస్క్‌ను బోర్డుకు కలిపే పాత సాటా పోర్టు కొత్త ఎస్ఎస్‌డీ వేగాన్ని అందుకోలేదు కదా అనవచ్చు. నిజమే, సాటా-3 కూడా సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. కానీ చిన్న ఫైళ్ల పనిలో ఆ హద్దు పెద్దగా అడ్డురాదు.

ప్రాసెసర్ సంగతి అలా కాదు. 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగో తరం సాకెట్లో ఇప్పటి చిప్ కూర్చోదు. దాని కోసం మదర్‌బోర్డు మార్చాలి, డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డులో పట్టదు కాబట్టి అదీ మార్చాలి. అంత ఖర్చుకు కొత్త కంప్యూటరే నయం. ఉన్న బోర్డులోనే ర్యామ్‌ను 8 జీబీకి పెంచడం తెలివైన పని. పవర్ సప్లై దగ్గర మాత్రం పొదుపు వద్దు. ఏళ్లు గడిచిన కెపాసిటర్లు బలహీనపడతాయి, నాసిరకంది పోతూ పోతూ బోర్డును కూడా కాల్చేయవచ్చు.

గట్టి అభ్యంతరం ఒకటుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఇంత పాత ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. చదువుకు, ఉత్తరాలకు, తెలుగు టైపింగ్‌కు విండోస్ బదులు లినక్స్ మింట్ హాయిగా సరిపోతుంది. విండోస్ మీదే నడిచే సాఫ్ట్‌వేర్ తప్పనిసరైన వాళ్లు మాత్రం ఈ పాత పెట్టె మీద డబ్బు పెట్టకూడదు.