కంప్యూటరు భాష: ఎక్కడ మొదలుపెట్టాలి?

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



కార్యవర్గంవారు నన్ను కంప్యూటరు ప్రోగ్రామింగు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పంచాంగ శ్రవణం కాగానే ఈ గొడవ ఏమిటా అని కొందరు పెద్దలు అనుకోవచ్చును. కాని మన సోలాపురంలో పదవ తరగతి దాటిన పిల్లలున్న చాలా ఇళ్ళలో ఇప్పుడు ఈ మాటే నడుస్తున్నది. తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: “మావాడు మరాఠీ మీడియం, ఇంగ్లీషు అంతంత మాత్రం. వాడికి ఇది వస్తుందా అన్నా?”

వస్తుంది. ఎందుకు వస్తుందో మనవి చేస్తాను.

మనలో జకార్డు మగ్గం చూడనివారు అరుదు. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట కిందనే ఉంటుంది. అట్టల వరుస మారిస్తే దుప్పటిమీద పువ్వు మారుతుంది, మగ్గం మాత్రం అదే. ఫ్రాన్సు దేశంలో జకార్డు అనే ఆయన 1804 ప్రాంతంలో తెచ్చిన పద్ధతి ఇది. తరువాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రానికి ఇటువంటి అట్టలనే వాడదలచుకొన్నాడు. ఆ యంత్రం పూర్తికాలేదు గాని, దానిచేత లెక్క చేయించే క్రమాన్ని ఏడా లవ్‌లేస్ అనే ఆమె 1843లో అంచెలంచెలుగా వ్రాసి ప్రకటించింది. చిల్లు ఎక్కడ కొట్టాలో ముందుగా ఆలోచించి వరుస పెట్టడం ఉన్నదే, ప్రోగ్రామింగు అంటే దాదాపు అదే. ఆ ఆలోచన మన వీధులకు కొత్తది కాదు.

ఇక ఇంగ్లీషు భయం. మొదట నేర్చుకొనడానికి నేను పైథాన్ భాషను చెబుతాను. హాలెండు దేశస్థుడు గీడో వాన్ రోసమ్ 1991లో దీనిని వెలువరించాడు. దీనికి రుసుము లేదు. ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్ వంటి ఈ భాష సొంతమాటలు మొత్తంమీద 35 మాత్రమే. మొదటి నెలలో పదో పన్నెండో చాలును. లెక్కలో మనం పెట్టుకొనే పేర్లు తెలుగులో ఉన్నా పైథాన్ 3 అభ్యంతరం చెప్పదు. ‘కూలి’ అనీ ‘మొత్తం’ అనీ నిక్షేపంగా వ్రాసుకోవచ్చును. ఉద్యోగంలో పదిమందితో కలిసి పనిచేసేచోట ఇంగ్లీషు పేర్లే వాడుక, అది తరువాతి సంగతి.

ఏమి వ్రాయాలి? జవాబు మనకు ముందే తెలిసిన లెక్క వ్రాయాలి. అమ్మ బీడీలు చుట్టే ఇల్లయితే ఆమె వారం లెక్క తీసుకోండి. ఏ రోజు ఎన్ని ఇచ్చింది, కంపెనీవారు తీసివేసినవి ఎన్ని, వెయ్యికి కూలి ఎంత, శనివారం చేతికి ఎంత రావాలి. అమ్మకు కంప్యూటరు తెలియకపోవచ్చును. ఆ మొత్తం మాత్రం ఆమెకు నోటిమీద ఉంటుంది. అంతకంటె మంచి పరీక్షాధికారిణి దొరకదు. సోమవారం 700, మంగళవారం 800 అని ఇచ్చి కూడమంటే, మొదటిసారి యంత్రం 700800 అని చూపే అవకాశం ఎక్కువ. అమ్మ నవ్వుతుంది. మనం కొట్టినదాన్ని పైథాన్ అంకెగా గాక అక్షరాలుగా తీసుకొని పక్కపక్కన అతికించింది. ‘ఇంట్’ అనే మాటతో దానిని అంకెగా మార్చమని చెప్పాలి. ఈ ఒక్క తిరకాసు చేతితో విప్పుకొన్న పిల్లవాడు దానిని మళ్ళీ మరచిపోడు.

ఎర్ర అక్షరాలు కనిపించగానే చాలామంది పిల్లలు పెట్టె మూసివేస్తారు. అది తిట్టు కాదు. అన్నిటికంటె కింది వరుస ముందు చదవండి, తప్పు ఏ రకమో అక్కడ ఉంటుంది. దానికి పైన వరుస సంఖ్య ఉంటుంది. పేరులో అక్షరం పొరపాటో, ఎడమవైపు ఖాళీలు సమంగా లేకపోవడమో సాధారణంగా కనిపించే తప్పులు. ఖాళీలు నాలుగేసి వదలడం ఆచారం.

మా వీధిలో ఒక కుటుంబం అప్పు చేసి ఒక శిక్షణాలయానికి ఫీజు కట్టింది. ఆరు నెలలలో నాలుగు భాషలు నేర్పుతామన్నారు. సర్టిఫికెట్టు వచ్చింది. పది వరుసలు సొంతంగా వ్రాయమంటే అబ్బాయికి చేయి ఆడలేదు. బల్లమీద చూపినది దింపుకొనడమే తప్ప అతనిచేత సొంత లెక్క ఒక్కటి చేయించలేదు. అప్పు మాత్రం ఇంకా తీరలేదు. అందుచేత ఫీజు కట్టేముందు మూడు నెలలు ఇంట్లో కూర్చుని చూడండి. పైథాన్ సంస్థవారి పాఠం ఉచితం. ఆల్ స్వైగార్ట్ వ్రాసిన ‘ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్’ ఇంటర్నెట్టులో ఊరికే చదువుకోవచ్చును, ఇంగ్లీషు సులువు. చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ గారి ఉపన్యాసాలు ఎన్‌.పి.టి.ఇ.ఎల్.లో ఉన్నవి, అవి కొంచెం నడక వచ్చిన తరువాత. అన్నీ ఒకేసారి పట్టుకోవద్దు. పాత పుస్తకాల దుకాణంలో కొనేవారు ఒకటి చూసుకోవాలి. ‘ప్రింట్’ అనే మాట తరువాత బ్రాకెట్టు లేకపోతే అది పైథాన్ 2 పుస్తకం. దానికి 2020 జనవరి 1తో సంస్థవారు స్వస్తి చెప్పారు.

అడిగితే ప్రోగ్రాము తానే వ్రాసిపెట్టే కృత్రిమమేధ ఇప్పుడు ఫోనులోనే ఉన్నది గదా అని కుర్రవాళ్ళు అంటారు. ఉన్నది. తప్పు ఎందుకు వచ్చిందో దానిని అడగండి, విసుగులేకుండా మరాఠీలోనైనా తెలుగులోనైనా చెబుతుంది. బీడీ లెక్క మాత్రం దానిచేత వ్రాయించకండి. అది చెప్పినది ఒప్పో తప్పో తేల్చే శక్తి మీకు ఇంకా రాలేదు.

చివరగా పిల్లలకు ఒక వేడుక. ‘తెలుగు’ అనే మాటలో ఎన్ని అక్షరాలని పైథాన్‌ను అడగండి. మూడు అనదు, ఆరు అంటుంది. తలకట్టుతో ఉన్న త ఒకటి, ఎత్వం ఒకటి, ఇలాగ గుణింతపు గుర్తులను విడివిడిగా లెక్కపెడుతుంది. మరి ‘శ్రీ’ని ఎన్నిగా లెక్కపెడుతుంది? వచ్చే ఆదివారం ఉదయం సంఘం గ్రంథాలయంలో చూద్దాము. వచ్చేటప్పుడు ఇంట్లోని కూలి లెక్కల పుస్తకం వెంట తెచ్చుకోండి.