మిలట్రీని యుద్ధానికి పంపేదెవరు?



పలాస స్టేషన్‌లో రైలు ఆగింది. సెలవు అయిపోయిన జవాను పెట్టె పట్టుకుని ఎక్కాడు. తల్లి కళ్లు తుడుచుకుంది. "రేపు యుద్ధం వస్తే మా గుంటడిని పంపేదెవరు?" అని ఏ తల్లికైనా అనిపిస్తుంది.

దీనికి జవాబు రాజ్యాంగంలో ఉంది. రాజ్యాంగంలో ఒక్కొక్క అంశాన్ని అధికరణం అంటారు. 53వ అధికరణం ప్రకారం సైన్యం, నౌకాదళం, విమానదళం మూడింటికీ పెద్ద రాష్ట్రపతి. మరి రాష్ట్రపతి తన ఇష్టప్రకారం యుద్ధానికి పంపొచ్చా? పంపకూడదు. 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహా మీదే నడవాలి.

1971 సంగతి చూడండి. అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి. ఇచ్ఛాపురం దాటాక వచ్చే బరంపురంలో పుట్టిన తెలుగాయన. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన దేశం మీద బాంబులు వేశాయి. ఆ రాత్రే రాష్ట్రపతి పేరున అత్యవసర పరిస్థితి ప్రకటన వచ్చింది. కానీ యుద్ధ నిర్ణయం ప్రధాని ఇందిరాగాంధీ మంత్రివర్గానిది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది.

చూశారా? పేరు రాష్ట్రపతిది. నిర్ణయం మంత్రులది. ఆ మంత్రులు లోక్‌సభకు జవాబు చెప్పాలి. లోక్‌సభకు ఎం.పి.ని పంపేది ఎవరు? మీరే. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ఓట్లన్నీ శ్రీకాకుళం ఎం.పి.కే పడతాయి.

అందుకే జీడిపిక్కలు ఒలిచే అక్క అయినా, కొబ్బరిపీచు పని చేసే చెల్లి అయినా ఓటు రోజున ఇంట్లో ఉండిపోవద్దు. ఓటు అడగొచ్చినవారిని నిలదీసి అడగండి: "మా బిడ్డల్ని యుద్ధానికి పంపేరోజు వస్తే, పార్లమెంటులో మీరేం మాట్లాడతారు?"