సేవ – సమ్మతి



సేవ చేసేవారు, చేయించుకునేవారు ఒకరితో ఒకరు ఎట్లా మసలుకోవాలన్నది ఈ పూట మన ముచ్చట. భివండీ పద్మనగర్‌లో ఉన్న మనవాళ్ళకు ఇది పరాయి విషయమేమీ కాదు. కరీంనగర్ నుంచో నల్గొండ నుంచో వచ్చి, సాంచాల మీద 12 గంటల పాళీ చేసేవారికి ఆజ్ఞ అంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

కార్ఖానాలో ఎవరి పని ఏదో తేటగా ఉంటుంది. పోగు తెగిందంటే సాంచా ఆపేది నడిపేవాడే. సేటు పక్కనే నిలబడ్డా, ముందు ఆపుతాడు, తర్వాతే మాట్లాడతాడు. ఆపనివ్వని సేటుకు బట్టే పాడవుతుంది.

ఇంట్లో ఆ తేట ఉండదు. రాత్రి పాళీ దిగి వచ్చిన భర్తకు, బీడీల చాట పక్కన పెట్టి భార్య చెంబెడు నీళ్ళిస్తుంది. అది ప్రేమా, భయమా? చూసేవారికి తెలియదు. "ఇప్పుడు కాదు" అని ఆమె అనగలదా, అంటే ఏమవుతుంది, అన్నదాన్నిబట్టే తెలుస్తుంది.

ఒకరు చెప్పడం, మరొకరు విని సేవచేయడం ఇద్దరికీ ఇష్టమై, ఏకాంతంలో అట్లాగే నడుచుకునే జంటలూ లోకంలో ఉన్నారు. ఇద్దరూ పెద్దవారై, మనసారా ఒప్పుకుంటే ఇరుగుపొరుగుకు అందులో పనిలేదు. భార్యే చెప్పేది కావచ్చు కూడా! అయితే దానికీ మర్యాద ఉంది. ఏది సరే, ఏది వద్దు అన్నది ముందే, తాగని వేళ, నిమ్మళంగా మాట్లాడుకోవాలి. ఆపమనడానికి ఒక మాట అనుకోవాలి. ఆ మాట వినబడగానే ఆపాలి, మూతి ముడుచుకోరాదు. నిన్నటి ఒప్పుదల నేటికి చెల్లదు. చెప్పేవారికే బాధ్యత ఎక్కువ: ఎదుటివారికి ఆకలా, జ్వరమా, అలసటా అని చూసుకోవలసింది వారే.

ఇక చట్టం మాట. బయానా అప్పు చూపి కూలీని కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం నిషేధించింది. అప్పుకు లొంగి అన్న 'సరే' సమ్మతి కాదు. ఇంట్లో మాత్రం వేరే న్యాయమా? బీడీల కూలి ఆమె చేతికి రాకుండా లాక్కునే చోట ఆమె 'సరే'ను నేను నమ్మను. డబ్బు అందకుండా చేయడం కూడా హింసేనని 2005 నాటి గృహహింస చట్టం చెబుతోంది. భర్త భార్యకు యజమాని కాడని 2018లో సుప్రీంకోర్టు, వ్యభిచారానికి సంబంధించిన 497వ సెక్షన్‌ను కొట్టివేస్తూ స్పష్టం చేసింది.

మీ ఇంట్లో నీళ్ళ చెంబు అందించేవారు ఎన్నడైనా "ఈ పూట నువ్వే తెచ్చుకో" అన్నారా? అంటే మీరేమన్నారు?

సెలవు.